పెరటితోటకు పనివానిని కుదుర్చుకొనుట



వంటమనిషిని కుదుర్చుకొనవలసి వచ్చినప్పుడు మనము నలుగురిని విచారించి, చేతి రుచి చూచిన తరువాతగాని సరే యనము. నగ చేయించునప్పుడు కంసాలి యెదుట కూర్చుండి తూకము చూచుకొందుము. చీర కొనునప్పుడు అంచు తిరుగవేసి, వెలుతురునకు పట్టి చూతుము. కాని పెరటిలో తోట వేయింపవలసి వచ్చినప్పుడు మాత్రము వాకిటికి వచ్చినవాని మాట నమ్మి, అడిగినంత బయానా చేతిలో పెట్టి, లోపలికి పోయి మన పని మనము చూచుకొందుము. "మొక్కలే కదా, పోయిన నెంత పోవును?" అని మన యూహ. ఎంత పోవునో, పోకుండ నెట్లు కాపాడుకొనవలెనో యీ నెల విచారింతము.

ముసునూరు, నూజివీడు ప్రాంతముల సోదరీమణులకు తోటలను గురించి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పినట్లుండునని మే మెరుగుదుము. చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి, తోతాపురి పేర్లు అక్కడి పిల్లలకు అక్షరములతోపాటు వచ్చును. 2022వ సంవత్సరము ఏప్రిల్ వరకు కృష్ణాజిల్లాలో నుండి, పిమ్మట ఏలూరు జిల్లాలో చేరిన ముసునూరు మండలమునకు మామిడియే పేరు తెచ్చినది. అయినను మామిడితోట వేరు, ఇంటి పెరడు వేరు. తోటకు కౌలుదారో, గుత్తదారో, కాపలాదారో ఉండును. పెరటికి దిక్కు ఇల్లాలే.

పూర్వము పెరటిపని తెలిసినవాడు ఊరిలోనే యుండెడివాడు. వాని తండ్రి నాటిన చెట్టు మన వాకిటిలో నుండెడిది. పని చెడగొట్టినచో మరునాడు వీధిలో మన మొగము చూడవలసి వచ్చునను జంకు వానికి ఉండెడిది. ఆ జంకే మనకు కాపలా. ఇప్పు డట్టి కుటుంబములలోని పిల్లలు చదువులకు, పట్టణపు పనులకు పోయిరి. అది వారికి మేలే. వారి స్థానమున ల్యాండ్‌స్కేపింగు చేయుదుమని బల్ల కట్టుకొన్న గుత్తదారులు వచ్చిరి. వీరిలో మంచివారును, పనిమంతులును కలరు. కాని రేపు మరల కనబడునో కనబడడో తెలియనివానితో పని పడినప్పుడు, పూర్వము ఊరు చేసిన కాపలాను నేడు మనమే చేసికొనవలెను.

ఇందులో మరియొక చిక్కు కలదు. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో స్థిరపడగా, పెద్దయింటిలో ఒంటరిగా నున్న తల్లులు నేడు ప్రతి యూరిలోను కనబడుచున్నారు. గుత్తదారు వచ్చి "అయ్యగారు లేరాండీ?" అని యడుగును. లేరని తెలియగానే "మీకెందుకండీ అమ్మగారూ, అంతా నేను చూసుకుంటాను" అనును. ఈ మాట వినినప్పుడు మన మొక అడుగు వెనుకకు వేయవలెను. ఖర్చు మనదైనప్పుడు, చెట్టు మనదైనప్పుడు, నీళ్లు పోయవలసినదియు మనమే యైనప్పుడు, చూచుకొనవలసినవారమును మనమే.

తోటలోని మోసము తీరు

గోడకు రంగు సరిగా వేయనిచో మరునాడే కనబడును. కుళాయి సరిగా బిగింపనిచో ఆ పూటయే కారును. తోటలోని మోస మట్లు కాదు. అదియు మొక్కవలెనే భూమిలో పాతబడి, కొన్నాళ్లకుగాని పైకి రాదు.

ఒక చిన్న ఉదాహరణము. చిన్నరసపు అంటు నాటినచో నాలుగైదేండ్లకు చెప్పుకొనదగిన కాపు మొదలగును. టెంకనుండి మొలచిన మొక్క కాపునకు వచ్చుటకు సామాన్యముగా అంతకంటె చాల ఎక్కువ కాలము పట్టును. వచ్చినను, మన ప్రాంతపు రకములలో తల్లిచెట్టు రుచియే వచ్చునను నమ్మకము లేదు. అంటని చెప్పి టెంకమొక్కను నాటిపోయినవాని సంగతి బయటపడునప్పటికి ఎన్ని వేసవులు గడచును? నీరు పోసిన చేతులు, కంచె కట్టిన ఖర్చు, ఎదురుచూచిన కాలము ఎవరు తిరిగి యిత్తురు? మొక్క వెల వందల రూపాయలలోనిదే కావచ్చును. పోవునది మాత్రము కాలము.

కావున మే మీ వ్యాసములో చెప్పదలచిన ముఖ్యమైన మాట యొక్కటియే. తోటపనికి మనము సొమ్మిచ్చి కొనునది మొక్క కాదు, ఒక సంవత్సరపు సంరక్షణము. సొమ్ముకూడ ఆ సంవత్సరము పొడవునను కొంచెము కొంచెముగానే చేతులు మారవలెను.

మనిషిని వెదకుట

గుత్తదారు తన ఫోనులో అందమైన తోటల బొమ్మలు చూపించును. అవి యెవరి తోటలో మనకు తెలియదు; తెలిసినను నాటిననాడు తీసిన బొమ్మలో ఏ మొక్కయైనను పచ్చగానే యుండును. అతడు ఏడాదికి ముందు పనిచేసిన యిండ్లు రెండు చూపుమని యడుగవలెను. పోయిన నెలలో చేసిన పని చాలదు; ఒక వేసవి దాటిన తోట కావలెను. అక్కడికి స్వయముగా పోయి, ఆ యింటి యిల్లాలితో మాటాడవలెను. మూడే ప్రశ్నలు: చచ్చిన మొక్కలకు బదులు మొక్క లిచ్చినాడా? పని ముగిసిన తరువాత పిలిచినప్పుడు వచ్చినాడా? మొదట చెప్పిన సొమ్మునకును, చివరకు పుచ్చుకొన్న సొమ్మునకును ఎంత తేడా? ఈ మూటికి వచ్చు జవాబులలో అతని చరిత్ర యంతయు తెలియును.

ఇద్దరు ముగ్గురిచేత వేర్వేరుగా లెక్క వేయింపవలెను. అందరిలో తక్కువ చెప్పినవానికే పని యిచ్చుట మన అలవాటు. మిక్కిలి తక్కువ చెప్పినవాడు మొక్కలోనో, మట్టిలోనో, కూలివాని కడుపులోనో ఆ తేడాను రాబట్టుకొనవలసినవాడే. అట్లని యెక్కువ చెప్పినవాడు మంచివాడనియు కాదు. ఏ పద్దునకు ఎంతయో విడివిడిగా వ్రాసి యిచ్చినవానితో మాటాడుట సుఖము.

నిజాయితీని పరీక్షించుట కొక సులువైన మార్గము కలదు. మనము కోరినదానిలో ఏదో యొకటి కూడదని చెప్పగలవాడా, కాడా యని చూడవలెను. పెరటిలోని పెద్ద మామిడిచెట్టు క్రింద పచ్చికబయలు వేయించవలెనని యున్నదని చెప్పి చూడుడు. "బ్రహ్మాండంగా వేస్తానండీ" అని వెంటనే యన్నవాడు మనకు అక్కరలేదు. దట్టమైన నీడలో సామాన్యమైన పచ్చిక పెరుగదు. పెరిగినను దానికి దినదినము నీరు పెట్టవలెను. మామిడికో, పూతకు ముందు రెండు మూడు నెలలు నేల ఆరనీయవలెను; ఆ కాలములో నిత్యము తడిపినచో చెట్టు ఆకు చిగుర్చునుగాని పూత తగ్గును. పని తెలిసినవాడు "అక్కడొద్దండీ, ఎండ తగిలే చోట వేద్దాం" అనును. తన కెక్కువ సొమ్ము వచ్చు పనిని వలదన్నవాని మాట మిగిలిన విషయములలో కూడ వినదగినది.

మొక్కలు, మట్టి

నర్సరీలనుండి మొక్కలు దిగినప్పుడు నీడను కూర్చుండి లెక్కించుటతో సరిపెట్టరాదు. అంటుమొక్కకు నేలనుండి జానెడు ఎత్తులో అంటుకట్టిన గుర్తు కనబడును. అక్కడ కాండము కొంచెము ఉబ్బియో, వంకరగానో, బెరడు రంగు మారియో యుండును. మొదలునుండి చివరవరకు ఎచ్చటను అతుకు లేక తిన్నగా నున్నచో అనుమానింపవలెను. సంచి అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకొనిపోయిన ముదురుమొక్క ఎత్తుగా కనబడును. కాని భూమిలో త్వరగా నిలద్రొక్కుకొనదు. నాటునప్పుడు అంటు అతుకు మట్టిలో పూడిపోరాదు. అతుకునకు దిగువనుండి వచ్చు చిగుళ్లను ఎప్పటికప్పుడు త్రుంచివేయవలెను. లేనిచో పై అంటు క్షీణించి, నాటుమొక్కయే చెట్టగును.

గోదావరి తీరమున కడియము నర్సరీలనుండి వచ్చినదనియో, ఫలానా పెద్దచోటినుండి వచ్చినదనియో చెప్పినంతమాత్రమున చాలదు. ఆ నర్సరీవారి రసీదు, దానిపై రకము పేరు, మొక్కల సంఖ్య యుండవలెను. ఉద్యాన నర్సరీలు నమోదు చేసికొనవలెనని ఆంధ్రప్రదేశ్‌లో 2010లో చట్టము చేయబడినది. కావున నమోదైన నర్సరీయేనా యని యడుగుట మన హక్కు. నూజివీడులోనే, వెంకటరామన్నగూడెములోని డాక్టరు వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయమునకు చెందిన మామిడి పరిశోధనా స్థానము కలదు. ఏ రకము మన నేలకు తగునో, ఎట్టి అంటు కొనదగునో తెలిసినవా రక్కడ నున్నప్పుడు, మొక్క లమ్ముకొనువాని నడిగి నిర్ణయించుకొననేల?

ఎడమును గురించి మరియొక మాట. ఖాళీనేల కనబడరాదని ఆరేసి అడుగుల కొక్క మామిడిమొక్కను నాటింతురు. చూచుటకు వెంటనే నిండుగా నుండును, మొక్కల పద్దు పెరుగును. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయములో చెట్టునకు చెట్టునకు నడుమ ఇరువది మూర లుత్తమమనియు, పదునారు మధ్యమమనియు, పండ్రెండు కనిష్ఠమనియు చెప్పెను. మూర అడుగున్నర యనుకొన్నచో ఉత్తమము ముప్పది యడుగులు. ఆరవ శతాబ్దినాటి యీ మాటకును, సామాన్యముగా పది మీటర్ల ఎడము చాలునను నేటి ఉద్యానశాస్త్రమునకును తేడా యెంతో లేదు. దగ్గరగా నాటు క్రొత్త పద్ధతులు లేకపోలేదు. వానికి ఏటేట కత్తిరింపు తప్పదు. ఆ కత్తిరింపు ఎవరు చేయుదురో చెప్పకుండ దగ్గరగా నాటించువాడు పదేండ్ల తరువాత వచ్చు పోరాటమును మన నెత్తిన పెట్టి పోవుచున్నాడన్నమాట.

మట్టిని ట్రక్కులలో తోలుదురు. ట్రక్కు అను మాటకు కొలత లేదు. పది యడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల ట్రక్కులో మట్టి రెండడుగుల ఎత్తున నున్నచో నూటయిరువది ఘనపుటడుగులు. అడుగున్నర ఎత్తుననే యున్నచో తొంబది. ఇట్లు నాలుగు ట్రక్కులు తోలినచో ఒక నిండు ట్రక్కు మట్టి రాకయే సొమ్ము చెల్లినట్లు. బట్ట కొలుచు టేపు ప్రతి యింటను ఉన్నది. దానిని తీసికొని మొదటి ట్రక్కుకడ నిలుచుండినచో తరువాతి ట్రక్కులు తమంతట తామే నిండును. మట్టిని చేతితో త్రవ్వి, తుంగగడ్డ లున్నవేమో చూడవలెను. తుంగ ఒకమారు పెరటిలోనికి వచ్చినచో ఏండ్లతరబడి పీకినను పోదు. పశువులఎరువు బాగుగా చివికి, వాసన లేక, పొడిపొడిగా నుండవలెను. పచ్చిపేడ వేసినచో చెదలును, వేరుపురుగును పిలిచినట్లగును.

కొమ్మలు, మందులు

పాతచెట్టు కొమ్మలు నరికింతుమని వచ్చువారిని గురించి ప్రత్యేకముగా జాగ్రత్తపడవలెను. కొందరికి చెట్టు ఆరోగ్యముకంటె కట్టెలమీద కన్ను. "గాలి తగలదండీ, బాగా కొట్టెయ్యాలి" అని ఎండుకొమ్మలతోపాటు కాపుకొమ్మలనుకూడ దింపి, కట్టె బండి కెత్తుకొని పోవుదురు. మామిడికి కత్తిరింపు కాయలు దిగిన తరువాత, తొలకరి రోజులలో చేయవలెను. ఎండినవి, తెగులు సోకినవి, లోపల ఒకదానితో నొకటి రాచుకొనుచున్నవి తీసివేసిన చాలును. చెట్టును మోడుచేసినచో రెండు మూడేండ్ల కాపు పోవును. ఏ కొమ్మలు తీయవలెనో ముందుగా వానికి సున్నపుబొట్టు పెట్టించి, బొట్టు లేని కొమ్మ ముట్టరాదని చెప్పవలెను. కట్టె ఎవరిదో పని మొదలిడకముందే తేల్చుకొనవలెను.

పని తెలిసినవాడు పెద్దకొమ్మను ముందు క్రిందివైపున కొంత కోసి, పిమ్మట పైనుండి కోయును. అట్లు చేయనిచో కొమ్మ విరిగి పడుచు మ్రానుబెరడును చీల్చుకొనిపోవును. కోసినచోట బోర్డో పేస్టు పూయును. చెట్టెక్కినవాడు నడుమునకు త్రాడు కట్టుకొనునట్లు చూడవలెను. విద్యుత్తు తీగల ప్రక్కనున్న కొమ్మల జోలికి విద్యుత్తుశాఖవారికి చెప్పకుండ పోనీయరాదు. చెట్టును మొదలంట కొట్టింపదలచినచో, నీరు, భూమి, చెట్లను గురించిన 2002 నాటి చట్టము క్రింద అనుమతి కావలెనేమో విచారించిన తరువాతనే గొడ్డలి పట్టనీయవలెను.

మందుల సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. ఏలయన పెరటిలో మన పిల్లలు ఆడుకొందురు, మన బావి యున్నది, మన కూరపాదు లున్నవి. పేరు లేని సీసాలో తెచ్చిన మందును చుక్కయైనను చల్లనీయరాదు. మందుడబ్బాపై ఒక చదరపు గుర్తులో క్రింది భాగమున రంగు త్రికోణ ముండును. ఎరుపు అన్నిటికంటె తీవ్రమైన విషము, పసుపు దాని తరువాతిది, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. అక్షరములు చదువలేని వృద్ధురాలైనను ఆ రంగును గుర్తింపగలదు. పూత విచ్చియున్న దినములలో పురుగుమందు చల్లినచో పుప్పొడిని మోయు ఈగలు, తేనెటీగలు చచ్చి, పిందె తగ్గును.

పూత రాని చెట్టునకు మొదట పోయుటకు పాక్లోబ్యుట్రజాల్ అను మందు కలదు. చెట్టు విస్తీర్ణమునుబట్టి కొలత ప్రకారము వాడవలసిన దది. ఒక యేటి కాపునకే గుత్త పట్టినవాడు కొలత మించి పోసినచో వాని కేమి నష్టము? చిగురు ముడుచుకొనిపోయిన చెట్టు మనకు మిగులును. మందు నేలలో చాలకాల ముండును. కావున తోటను గుత్తకిచ్చు సోదరీమణులు, ఏ మందు ఎంత పోయవలెనో మన యనుమతితోనే జరుగవలెనని కాగితములో వ్రాయించుకొనవలెను.

కాగితము, సొమ్ము

1872 నాటి భారత ఒప్పందముల చట్టము ప్రకారము నోటిమాటకూడ ఒప్పందమే. కాని వివాదము వచ్చినప్పుడు నోటిమాటను చూపించుట యెట్లు? ఒక పుట చాలును. అందులో గుత్తదారు పేరు, ఊరు, ఫోను సంఖ్య, మొక్కల పేర్లు, రకములు, ఎత్తు, సంఖ్య, మట్టి, ఎరువు ఘనపుటడుగులలో, పని మొదలిడు తేది, ముగియు తేది, చెత్త ఎత్తివేయుట ఎవరిదో, కట్టె ఎవరిదో, నీరు పోయుట ఎవరిదో, ఎన్నాళ్లలో మొక్క చచ్చినచో బదులు నాటవలెనో వ్రాసి, ఇద్దరును సంతకము చేయవలెను. నిజమైన పనివాడు ఇందుకు నొచ్చుకొనడు. ఆ కాగితము వానికిని రక్షయే. "మన మధ్య కాగితాలెందుకండీ" అన్నవానితో మన మధ్య పనికూడ వలదనుట మేలు.

ఇక సొమ్ము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో తోట అలంకరించు గుత్తదారునకు సీ-27 అను ప్రత్యేకమైన లైసెన్సు కలదు. ఇంటి బాగుసేతకు ఒప్పుకొన్నవాడు బయానాగా మొత్తములో పదవవంతు, లేక వేయి డాలర్లు, రెంటిలో ఏది తక్కువో అంతకు మించి పుచ్చుకొనరాదని అక్కడి చట్టము. మన కట్టి కట్టుబాటు లేదు గనుక మన యింటికి మనమే దానిని ఏర్పరచుకొందము. నలువది వేల రూపాయల పని యనుకొనుడు. నాలుగు వేలు బయానా. మొక్కలు, మట్టి దిగి, మనము కొలిచి చూచుకొన్ననాడు పదునారు వేలు. నాటుట ముగిసిననాడు పండ్రెండు వేలు. మూడు నెలల తరువాత బ్రతికిన మొక్కలు లెక్కించి నాలుగు వేలు. మొదటి వేసవి దాటిన తరువాత మిగిలిన నాలుగు వేలు. ఈ చివరి నాలుగు వేలే గుత్తదారుని మన వాకిటికి మరల రప్పించును.

దూరముననున్న కుమారులు తల్లికి శ్రమ కలుగరాదని గుత్తదారునకు నేరుగా సొమ్ము పంపుచున్నారు. ప్రేమతో చేయునదే, కాని దానివలన తల్లి మాటకు విలువ పోవును. పనివాడు బొమ్మలు తీసి ఆ యబ్బాయికి పంపును. తల్లి "మొక్క ఎండిపోయినది" అన్నచో వినువాడుండడు. సొమ్ము కుమారునిదే కావచ్చును, కాని విడుదల చేయవలసిన మాట తల్లిదిగా నుండవలెను. ఆమె చూచి "సరే" అన్న తరువాతనే పంపుట మంచిది. యూపీఐ ద్వారా చెల్లించినచో లెక్క నిలుచును. నగదైనచో రసీదు పుచ్చుకొనవలెను. సొమ్ము తిరిగి యిత్తునని చెప్పి ఎవరైనను పిన్ నొక్కుమన్నచో నొక్కరాదు. పిన్ కావలసినది చెల్లించుటకేగాని పుచ్చుకొనుటకు కాదు.

ఈ పద్ధతి తోటకే కాదు. చెదలమందు వేయువాడు, మిద్దె కారకుండ పూత పూయువాడు, బోరు వేయువాడు — వీరి పనియు వెంటనే కనబడనిదే. మిద్దెపూత మంచిదో కాదో తెలియుటకు ఒక వానకాలము గడువవలెను. కనుక అక్కడను కొంత సొమ్ము వానకాలమువరకు నిలుపుకొనవలెను. బోరు లోతును వారు చెప్పినది వ్రాసికొనక, దింపిన గొట్టములను లెక్కించుకొనవలెను. "ప్రక్కవీధిలో పనిచేయుచున్నాము, సరుకు మిగిలినది, ఈ రోజే ఐతే సగము ధర" అని తలుపు తట్టినవారికి ఆ రోజే జవాబు చెప్పనక్కరలేదు. రేపు రమ్మనుడు, మంచివాడు రేపును వచ్చును.

మోసము జరిగినచో

సొమ్ము పుచ్చుకొని పని చెడగొట్టుట, మధ్యలో విడిచిపోవుట, ఒక రకము చెప్పి మరియొక రకము నాటుట — ఇవి సేవాలోపములు. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము మనము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును; గుత్తదారు ఊరికి పోవలసిన పని లేదు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. కారణము కలిగిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. అంతర్జాలము ద్వారా దాఖలు చేయు వీలును 2020 నుండి కలిగినది. అంతకుముందు 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమువారు దారి చూపుదురు. అయితే ఒక తేడా గమనింపవలెను. మన యింట జీతమునకు కుదిరి, మనము చెప్పినట్లు పనిచేయు తోటమాలి సేవ యీ చట్టములోనికి రాదు. ఒక పనిని ఒప్పుకొని తన పద్ధతిని చేసియిచ్చు గుత్తదారు పని వచ్చును. ఏ ఫిర్యాదుకైనను ఆధారము మనము వ్రాయించుకొన్న పుటయు, రసీదులు, తేదీలతో తీసిన బొమ్మలే.

తుదకు, పనివాని పక్షముననుండి కూడ ఒక మాట చెప్పక తప్పదు. మోస మొకవైపుననే యుండదు. నెలల తరబడి నీరు పోయక మొక్కను ఎండబెట్టి, "నీ మొక్క చచ్చినది" అని చివరి సొమ్ము ఎగవేయు గృహస్థులును కలరు. నీరు పోయుట మనదని వ్రాసికొన్నచో, ఒక చిన్న పుస్తకములో ఏనాడు నీరు పెట్టితిమో గుర్తు పెట్టుకొనవలెను. అది మనకును సాక్ష్యము, వానికిని న్యాయము. కూలివారికి సొమ్ము అందుచున్నదో లేదో కనుక్కొనవలెను. మిట్టమధ్యాహ్నము ఎండలో పనిచేయువానికి నీడయు, మజ్జిగయు ఇవ్వవలెను. పనిని మెచ్చినప్పుడు నలుగురికి ఆ పేరు చెప్పవలెను. పూర్వము ఊరి నోట మంచివానికి పని దొరకెడిది, చెడ్డవానికి తప్పెడిది. ఆ నోరు ఇప్పుడును మన చేతిలోనే యున్నది.

మామిడి నాటుటకు తొలకరి వానలు పడిన తరువాతి దినములు అనువైనవి. గుంతలు వేసవిలోనే త్రవ్వించి, ఎండనీయవలెను. కాగితము వ్రాయించుటకు, ఏడాది నాటి తోటలు రెండు చూచి వచ్చుటకు అంతకుముందే తీరిక చేసికొనుడు. వచ్చు నెల యీ శీర్షికలోనే, స్నానపునీటిని పెరటిపాదులకు మళ్లించుకొను విధమును గురించి వ్రాయుదుము.